కిటికీ అద్దాన్ని పొద్దస్తమానం పొడుస్తున్న నల్లపిట్ట: దానికి హాని లేకుండా ఆపే ఉపాయం కావాలి

ప్రశ్న (ఘట్‌కేసర్ నుంచి)

అందరికీ నమస్కారం. ఘట్‌కేసర్ దాటిన తరువాత వచ్చే ఒక కొత్త లేఅవుట్‌లో మేము ఇల్లు కట్టుకుని కిందటి దసరాకు గృహప్రవేశం చేశాము. మా వరుసలో ఇళ్లు తక్కువ, మిగిలినవన్నీ ఖాళీ ప్లాట్లే కాబట్టి చుట్టూ తుమ్మ చెట్లు, రాళ్ల కుప్పలు, పొదలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఒక చిన్న నల్లపిట్ట మా తూర్పు వైపు పడకగది కిటికీ మీద పగబట్టింది. వెలుతురు వచ్చీరాగానే కిటికీ గట్టు మీద వాలి, తోకను నిటారుగా ఎత్తి, రెక్కలు కాస్త దించి, అద్దం వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడుస్తుంది. ఒక్క క్షణం ఆగి, ఎగిరి, కాళ్లతోనూ ముక్కుతోనూ అద్దం మీదికి దూకుతుంది. జారి కింద పడబోయి, నిలదొక్కుకుని, మళ్లీ దూకుతుంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఇదే తంతు. సాయంత్రం మరోసారి వస్తుంది. అద్దమంతా గీతలు, జిడ్డు మరకలు, గట్టు నిండా రెట్ట.

పిట్ట పిచ్చుక కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, రెక్క మీద తెల్లటి మచ్చ, తోక మొదట్లో కింది భాగాన ఇటుక రంగు. కిటికీకి నీలం రంగు రిఫ్లెక్టివ్ గ్లాస్ వేయించాము. పగటిపూట బయటివారికి లోపలి మనుషులు కనిపించకూడదని మేమే కోరి వేయించుకున్నది అది. చప్పట్లు కొట్టి తోలితే ఎదురుగా ఉన్న తుమ్మ కొమ్మ మీద కూర్చుని, మేము లోపలికి రాగానే తిరిగి వస్తోంది. లోపల ముదురు మెరూన్ రంగు పరదా వేశాము. దాడి తగ్గకపోగా మరింత పెరిగిందని నా అనుమానం. పాత సీడీలు దారంతో కట్టి వేలాడదీశాము; ఇప్పుడు వాటిని కూడా పొడుస్తోంది.

మా అత్తగారు ఇది కొత్త ఇంటికి మంచి శకునం కాదని, శాంతి చేయించాలని పట్టుబడుతున్నారు. పక్క ప్లాటు వాచ్‌మన్ ఏమో గూడు వెతికి తీసేస్తే పీడ పోతుందంటున్నాడు. ఆ రెండోది చేయడానికి మాకు మనసు రాదు. ఈ పిట్ట తనకు తాను గాయం చేసుకుంటుందా, దీనిని ఆపడానికి నికరమైన మార్గం ఏదైనా ఉందా అన్నది తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (తిరుపతి నుంచి)

మీరు చెప్పిన ఆనవాళ్లను బట్టి అది నల్లంచి పిట్ట, అందులోనూ మగది. ఆడ నల్లంచి మట్టి రంగులో ఉంటుంది, రెక్క మీద తెల్ల మచ్చ ఉండదు. రాళ్లూ పొదలూ ఉన్న ఎండు నేలలు దీనికి ఇష్టం, కాబట్టి మీ ఖాళీ ప్లాట్లు దానికి సొంత ఊరనే చెప్పాలి. మన దక్కన్ ప్రాంతంలో ఇది ఎక్కువగా ఎండాకాలంలోనే గూడు కడుతుంది. గూటికి ముందు మగపిట్ట కొంత జాగాను తనదిగా చేసుకుని, అందులోకి మరో మగ నల్లంచి వస్తే తోక ఎత్తి, రెక్క మీది తెలుపును చూపించి, పాట పాడి బెదిరిస్తుంది. అప్పటికీ పోకపోతే మీద పడుతుంది. మీ కిటికీ గట్టు మీద జరుగుతున్నది సరిగ్గా ఈ వరుసే. అద్దంలో కనిపించే తన ప్రతిబింబాన్ని అది పొరుగు మగపిట్ట అనుకుంటోంది.

నిజమైన శత్రువు అయితే రెండు మూడు పెనుగులాటల్లో ఎవరో ఒకరు తప్పుకుంటారు. ప్రతిబింబం తప్పుకోదు; ఇది తోక ఎత్తితే అదీ ఎత్తుతుంది, ఇది దూకితే అదీ దూకుతుంది. పిట్ట ఎగిరి దూరంగా వెళ్లినప్పుడు మాత్రం అద్దంలోని పిట్ట కూడా మాయమవుతుంది కాబట్టి తాను గెలిచినట్టే లెక్క; తిరిగి వచ్చేసరికి ఓడిన శత్రువు మళ్లీ అక్కడే ఉంటాడు. అందుకే ఈ పోరాటానికి ముగింపు దొరకదు. పక్షులన్నీ ఇలాగే ఉంటాయని కాదు. 2008లో జర్మనీలో కాకి కుటుంబానికి చెందిన మాగ్‌పై పక్షులకు మెడ కింద, అవి నేరుగా చూసుకోలేని చోట రంగు చుక్క అంటించి అద్దం ముందు ఉంచినప్పుడు, వాటిలో కొన్ని ఆ చుక్కను తమ ఒంటి మీదే తుడుచుకోవడానికి ప్రయత్నించాయి, అంటే అద్దంలో ఉన్నది తామేనని పోల్చుకున్నట్టు. మన నల్లంచికి, బుల్‌బుల్‌కు, కాటుకపిట్టకు, తేనెపిట్టకు ఆ తెలివిడి లేదు. ఈ నాలుగూ మన ఇళ్ల కిటికీలతోనూ బండ్ల అద్దాలతోనూ కొట్లాడేవే.

గాయం సంగతి అడిగారు. ఇలా దగ్గర నుంచి దూకి పొడిచే పిట్టకు ప్రాణాపాయం కలగడం అరుదు. ముక్కు మొదట్లో ఈకలు రాలడం, ఎప్పుడైనా చిన్న నెత్తుటి మరక కనిపించడం జరుగుతుంది. అసలు నష్టం వేరే ఉంది: మేత వెతుక్కోవలసిన పొద్దు, గూటిని కాపాడుకోవలసిన పొద్దు అద్దం ముందు గడిచిపోతుంది. అద్దం ఉందని తెలియక, అందులో కనిపించే చెట్టును నిజం చెట్టనుకుని పూర్తి వేగంతో వచ్చి గుద్దుకోవడం మాత్రం వేరే సమస్య, అందులో పక్షులు చనిపోతాయి. అలా ఎప్పుడైనా ఒక పిట్ట సొమ్మసిల్లి పడితే దానిని గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచాలి, నోట్లో నీళ్లు పోయకూడదు. తేరుకున్నాక బయట వదిలిపెట్టాలి.

ఇక ఉపాయం. రాత్రి గదిలో దీపం వేసుకుని కిటికీ వైపు చూస్తే మన ముఖమే మనకు కనిపిస్తుంది. బయట నిలబడినవారికి గది అంతా కనిపిస్తుంది. పగలు దీనికి సరిగ్గా తలకిందులు. వెలుతురు ఎక్కువ ఉన్న వైపు నిలబడినవారికి అద్దం ప్రతిబింబాన్ని చూపిస్తుంది. మామూలు తెల్ల అద్దం కూడా తన మీద పడిన వెలుతురులో దాదాపు 8 శాతాన్ని వెనక్కు పంపుతుంది. లోపలి గది అంతకంటే చీకటిగా ఉంటే బయట ఉన్నవారికి ఆ 8 శాతమే కళ్లకు కడుతుంది. మీది రిఫ్లెక్టివ్ గ్లాస్ కాబట్టి అది వెనక్కు పంపే వాటా ఇంకా చాలా ఎక్కువ. దాని వెనుక మీరు ముదురు పరదా వేశారు, అంటే అద్దానికి వెనుక రసం పూసినంత పని చేశారు. దాడి పెరిగిందన్న మీ అనుమానం నిజమే అయి ఉంటుంది. మామూలు అద్దం ఉన్న కిటికీకైతే, పరదా తెల్లనిదై అద్దానికి ఆనుకుని ఉంటే కొంత ఉపయోగం ఉంటుంది. మీ రకానికి లోపల ఏమి వేసినా లాభం తక్కువ. పిట్టకు ప్రతిబింబం కనిపించేది అద్దానికి బయటి వైపున కాబట్టి చేయవలసినదంతా బయటి వైపే చేయాలి.

బయట ఒక గద్ద బొమ్మ అంటించి ఊరుకుంటే సరిపోతుందా అని అడిగేవారు ఉంటారు. సరిపోదు, ఎందుకంటే పిట్టకు కోపం రావడానికి పూర్తి ప్రతిబింబం అక్కరలేదు. ఇంగ్లండులో డేవిడ్ లాక్ అనే పక్షి శాస్త్రవేత్త గత శతాబ్దపు ముప్పైలలో ఎర్ర రొమ్ము ఉండే రాబిన్ పిట్టల మీద పరీక్షలు చేసినప్పుడు, తలా రెక్కలూ లేని ఒట్టి ఎర్ర ఈకల కుచ్చును కొమ్మ మీద పెట్టినా ఆ జాగా సొంతదారు దాని మీద విరుచుకుపడింది. మీ నల్లంచికి కూడా స్టిక్కర్ పక్కన మిగిలిన జానెడు అద్దంలో తెల్ల మచ్చో ఇటుక రంగో కనిపిస్తే చాలు. గుద్దుకోకుండా ఆపడానికైతే అద్దం మీద సుమారు 5 సెంటీమీటర్ల ఎడంతో చుక్కలో గీతలో వేస్తే చాలంటారు. పొడవకుండా ఆపడానికి అంతకంటే ఎక్కువ భాగం మరుగున పడాలి.

అన్నిటికంటే సులువైనది సబ్బు. పొడి బట్టల సబ్బు బిళ్లను బయటి నుంచి అద్దమంతా అడ్డదిడ్డంగా రుద్దితే తెల్లటి పొర ఏర్పడుతుంది. వెలుతురు లోపలికి వస్తుంది, ప్రతిబింబం మసకబారుతుంది. సజ్జ ఉన్న కిటికీకి వాన తగలనంత కాలం ఉంటుంది; పోతే మళ్లీ రుద్దుకోవచ్చు. ఇది మీకు నచ్చకపోతే ఎరువుల దుకాణాల్లోనూ నర్సరీల దగ్గరా దొరికే పచ్చటి షేడ్ నెట్‌ను కిటికీ వెడల్పున కత్తిరించి, అద్దానికి నాలుగైదు అంగుళాల ఎడంగా, వదులు లేకుండా లాగి కట్టండి. అది రెండు విధాల పని చేస్తుంది: అద్దం మీద పడే వెలుతురును తగ్గిస్తుంది, పిట్టను అద్దం దాకా రానివ్వదు. చేపల వల, క్రికెట్ వల మాత్రం వద్దు; పెద్ద కళ్లు ఉన్న వలలో తలా కాళ్లూ చిక్కుకుంటాయి.

ఏది కట్టినా ఒక పూటకో రెండు పూటలకో ఫలితం చూసి విప్పేయకండి. పిల్లలు ఎగిరిపోయి, మగపిట్ట ఉధృతం తగ్గేదాకా, అంటే కొన్ని వారాల పాటు అలాగే ఉంచాలి. అదే ఎండాకాలంలో మరోసారి గుడ్లు పెడితే ఇంకొంత కాలం పట్టవచ్చు.

గూడు జోలికి మాత్రం పోవద్దు. మనసు రాదన్నారు, మంచిదే. చట్టమూ అదే చెబుతోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను పాడు చేయడం, గూళ్లను కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. పైగా గూడు పోయిన జంట ఆ జాగా వదలకుండా మళ్లీ కట్టుకుంటుంది, మగపిట్ట కాపలా మరో విడత మొదలవుతుంది. వాచ్‌మన్ చెప్పిన మందు రోగాన్ని పెంచేదే.

జవాబు (నరసరావుపేట నుంచి)

తిరుపతి వారు వివరంగా రాశారు కానీ, అంత శ్రమ అవసరమా అన్నది నా సందేహం. మా ఇంట్లో రెండేళ్ల కిందట బుల్‌బుల్ పిట్ట ఇలాగే మేడ మీది గది కిటికీని పట్టుకుంది. తిరునాళ్లలో పిల్లలకు కొన్న రబ్బరు పామును గట్టు మీద పెట్టాము. కొద్ది రోజులు అది వాలడానికి భయపడింది, ఆ తరువాత రావడమే మానేసింది. ఖర్చు లేదు, అద్దం మురికి కాలేదు. ఇంటికి కట్టిన దిష్టిబొమ్మను ఆ కిటికీ ముందుకు మార్చినా ఇదే ఫలితం ఉంటుందని నా నమ్మకం.

జవాబు (తిరుపతి నుంచి)

నరసరావుపేట వారికి నమస్కారం. మీ పిట్ట మానేసిన మాట నిజమే అయి ఉంటుంది. పాము వల్లనే మానేసిందని చెప్పడం కష్టం. బుల్‌బుల్ గుడ్లు పొదగడానికి రెండు వారాలు పడుతుంది, పిల్లలు గూడు విడవడానికి మరికొన్ని రోజులు. దాడి మొదలై విసుగెత్తిన తరువాతే మనం ఏదో ఒక బొమ్మ పెడతాము కాబట్టి, చాలాసార్లు బొమ్మ పెట్టే నాటికి పిట్ట పని కూడా ముగింపుకు వచ్చి ఉంటుంది. కదలని బొమ్మకు పక్షులు త్వరగానే అలవాటు పడతాయి. పొలంలో దిష్టిబొమ్మ నెత్తిన కాకి కూర్చోవడం మీ వైపూ చూసే ఉంటారు. ఇక నల్లంచి విషయంలో రబ్బరు పాముకు మరో చిక్కు ఉంది. ఈ పిట్ట గూటిలో వెంట్రుకలు, వేళ్ల పీచుతో పాటు పాము కుబుసం ముక్కలు కూడా తరచుగా కనిపిస్తాయి. అందువల్ల బతికున్న పామంటే దానికి భయం లేదని నేను అనను కానీ, కదలని పామును చూసి ఎక్కువ రోజులు ఇల్లు మారదని మాత్రం చెప్పగలను.

సీడీల గురించి ఇందాక రాయడం మరిచాను. సీడీ కూడా అద్దమే. ఉన్న శత్రువుకు తోడు మరో నలుగురిని వేలాడదీసినట్టవుతుంది, వాటిని ఈ రోజే తీసేయండి.

జవాబు (విజయవాడ నుంచి, అల్యూమినియం, యూపీవీసీ కిటికీల పని చేసేవాడిని)

పిట్టల సంగతి నాకు అంతగా తెలియదు. అద్దం సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ ఫిర్యాదు మా దగ్గరికి ప్రతి ఎండాకాలం వస్తుంది, అదీ ఊరి శివార్ల ఇళ్ల నుంచే వస్తుంది. పాత ఇళ్లలో చెక్క తలుపుల కిటికీలు, గరుకు అద్దాలు ఉండేవి కాబట్టి వీటికి పని ఉండేది కాదు. ఇప్పుడు ఐదడుగుల స్లైడింగ్ కిటికీ అంటే పిట్ట పాలిట నిలువుటద్దమే.

రిఫ్లెక్టివ్ గ్లాస్‌లో మెరుపునిచ్చే పూత ఏ ముఖాన ఉందో ముందు తెలుసుకోవాలి. కొన్నింటిని పూత బయటికి ఉండేలా బిగిస్తారు. అటువంటి దాని మీద బలమైన టేపు అంటించి పీకినా, రెట్టను బ్లేడుతో గీకినా, ఇసుక తగిలే పీచుతో రుద్దినా పూత చారలుగా పోతుంది, అది మళ్లీ రాదు. ఎండిన రెట్టను ముందు తడి గుడ్డ కప్పి నాననిచ్చి, ఆ తరువాత మెత్తటి గుడ్డతో తుడవాలి. పొడిగా ఊడ్చితే ఆ దుమ్ము మన ఊపిరితిత్తులకూ మంచిది కాదు.

సబ్బు రుద్దమన్నది మంచి సలహా. కొంతమంది దానికి బదులు సున్నం పూస్తారు, కొత్త అద్దాలకు మనుషులు గుద్దుకోకుండా తెల్లటి ఇంటూ గుర్తు వేసే అలవాటు చూసి. సుద్ద అయితే పరవాలేదు, సున్నం వద్దు. అది ఎక్కువ కాలం ఉంటే అద్దం ముఖాన్ని తినేసి మచ్చ మిగులుస్తుంది. పాత వార్తాపత్రికను మైదా జిగురుతో బయటి నుంచి అంటించడం కూడా చవకైన పనే, వెలుతురు పోతుందన్నది ఒక్కటే ఇబ్బంది.

నన్ను అడిగితే దోమతెర మేలు. స్లైడింగ్ కిటికీల్లో మెష్ షట్టర్ లోపలి ట్రాక్‌లో ఉంటే పిట్ట వైపు అద్దం నున్నగానే మిగిలిపోతుంది. మెష్ ఉన్నా పిట్ట ఎందుకు వస్తోందని అడిగేవారు ఈ సంగతి గమనించరు. మీ ఫ్రేములో మెష్‌కు బయటి ట్రాక్ ఉంటే షట్టర్లను అటూ ఇటూ మార్చి బిగించగలరేమో మీ పనివాడిని అడగండి. కుదరకపోతే బజారులో దొరికే వెల్‌క్రో దోమతెరను గోడకు, ఫ్రేముకు బయటి అంచున అంటించండి. వెల్‌క్రో పట్టీ ఫ్రేము మీద అంటాలి గానీ అద్దం మీద అంటకూడదు. వానాకాలం తరువాత తెరను విప్పి, ఉతికి, దాచుకుంటే మరుసటి ఏడాదికీ పనికొస్తుంది. బూడిద రంగు తెర వెలుతురును బాగానే రానిస్తుంది.

మీ పనివాడు ఫిలిం వేయమని చెబితే ఒక జాగ్రత్త తీసుకోండి. రంగు అద్దానికి లోపలి నుంచి మరో ముదురు సన్‌ఫిలిం వేస్తే అద్దం వేడిని పట్టి అంచుల దగ్గర పగిలే ప్రమాదం ఉంది, పైగా పిట్ట సమస్యకు అది పనికిరాదు. ఫిలిం వేయదలిస్తే బయటి ముఖానికి వేసే రకం, మెరుపు లేని పాలరంగుది అడగాలి. ఖర్చు ఎక్కువ, ఎండకు రెండు మూడేళ్లలో పెళుసెక్కుతుంది. ఒక్క పిట్ట కోసమైతే నేను ఆ పని చేయించను.

జవాబు (అమెరికా, డాలస్ దగ్గర నుంచి)

ఇక్కడ ఇదే పని ఎర్రటి కార్డినల్ పిట్టలు చేస్తాయి, ఆడ కార్డినల్ కూడా వెనకాడదు. మా వీధిలో తెలుగువారి ఇళ్లు చాలానే ఉన్నాయి. వసంతం రాగానే ఎవరో ఒకరు పండుగ పిలుపుతో పాటు కారు అద్దాల ఫొటో కూడా పంపుతారు. ఇక్కడి చాలా ఇళ్లలో పైకి ఎత్తే కిటికీలకు దోమతెర బయటి వైపే ఉంటుంది, కానీ సగానికే ఉంటుంది. పిట్ట పొడిచేది ఎప్పుడూ తెర లేని పై సగాన్నే. విజయవాడ వారు చెప్పిన మాటకు ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

నేను చేర్చదలచినది ఒక్కటే. గూటి కాలం దాటినా దాడి ఆగకపోతే దగ్గరలో పండ్ల చెట్టు ఏదైనా ఉందేమో చూడాలి. టెక్సాస్ రాష్ట్ర పక్షి అయిన మాకింగ్‌బర్డ్ చలికాలంలో గూడు లేకపోయినా, పండ్లు కాసిన పొదను ఎవరినీ రానివ్వకుండా కాపలా కాస్తుంది. ఆ పొద కిటికీ పక్కనే ఉంటే అద్దంలోని మాకింగ్‌బర్డ్‌కూ దెబ్బలు తప్పవు. మన దగ్గర బుల్‌బుల్ పండ్లు తినే పిట్టే కదా. నరసరావుపేట వారి మేడ దగ్గర ఏ చెట్టు ఉందో తెలుసుకోవాలని ఉంది. చట్టం సంగతి ఇక్కడా అంతే: 1918 నాటి వలస పక్షుల చట్టం కింద గుడ్లు ఉన్న గూటిని తీయకూడదు.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

అత్తగారికి నా మాటగా చెప్పండి. పూర్వం పెంకుటిళ్లలో వరండా స్తంభానికో గోడ మేకుకో ముందుకు వాలినట్టు అద్దం వేలాడుతుండేది. దూలాల్లో కాపురముండే ఊరపిచ్చుక రోజూ దాని మీద వాలి పొడిచేది. ఆ ఇళ్లలో ఎవరూ శాంతులు చేయించలేదు. తల దువ్వుకోవడం కాగానే పెద్దవారు అద్దాన్ని గోడకు తిప్పి పెట్టేవారు, లేకపోతే దాని మీద తువ్వాలు వేసేవారు. ఇంట్లో పిచ్చుక గూడు కడితే శుభమనేవారు కూడా వారే, కాబట్టి కిటికీ దగ్గర కాపురం పెట్టిన ఈ జంటను కూడా ఆ లెక్కలోనే వేసుకోమనండి. అంతకీ మనసు ఊరుకోకపోతే శాంతి చేయించడంలో పిట్టకు వచ్చే నష్టం ఏమీ లేదు. దక్షిణ ఇచ్చి పంపిన తరువాత షేడ్ నెట్ కట్టండి.

ప్రశ్న అడిగినవారు (ఘట్‌కేసర్ నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. సీడీలు తీసేశాము. బయట స్టూలు వేసుకుని పిట్ట నిలబడే ఎత్తున తల పెట్టి చూస్తే, తుమ్మ చెట్టు, దాని వెనుక ఆకాశం, పక్క ప్లాటులోని బండరాయితో సహా అద్దంలో స్పష్టంగా ఉన్నాయి. లోపలి పరదా ఆనవాలే లేదు. మా అద్దానికి పూత బయటి ముఖానే ఉందని పనివాడు ఫోనులో చెప్పాడు, కాబట్టి టేపులు మానుకుని సజ్జ నుంచి షేడ్ నెట్ దించాలని నిశ్చయించాము. అత్తగారు శ్రీకాకుళం వారి జవాబును రెండుసార్లు చదివించుకున్నారు. శాంతి విషయం ప్రస్తుతానికి వాయిదా పడింది.

రెండు సందేహాలు మిగిలాయి. ఈ కిటికీ మూసేస్తే పిట్ట వంటింటి కిటికీకి మారుతుందా? స్కూటర్ అద్దాల మీద కూడా రెట్ట కనిపిస్తోంది, దానికి ఏమి చేయాలి?

జవాబు (తిరుపతి నుంచి)

మారే అవకాశం ఉంది. మీరు చేసిన పరీక్షనే మిగిలిన కిటికీలకూ చేయండి: ఉదయం ఎండలో బయట నిలబడి ఏ అద్దంలో చెట్టూ ఆకాశమూ స్పష్టంగా కనిపిస్తున్నాయో గుర్తు పెట్టుకోండి. వాటిలో నిలబడడానికి గట్టు గానీ, పైపు గానీ, మూరెడు దూరంలో కొమ్మ గానీ ఉన్నవాటికే ముందు సబ్బు రుద్దండి. వాలే చోటు లేని నున్నటి అద్దాన్ని పిట్ట అంతగా పట్టించుకోదు. తుమ్మ కొమ్మ ఒకటి కిటికీ వైపు వంగి ఉంటే, అందులో ఏ పక్షి గూడూ లేదని చూసుకున్న తరువాత ఆ ఒక్క రెమ్మను కొట్టించవచ్చు. చెట్టును కొట్టించవలసిన అవసరం లేదు. వంటింటి కిటికీ గట్టు మీద పూలకుండీలు ఉంటే పిట్టకు అవే పీటలవుతాయి, కొంత కాలం పక్కకు జరపండి.

మెరూన్ పరదాను పగటిపూట పూర్తిగా పక్కకు తీసి, ఎదురు గోడ కిటికీని కూడా తెరిచి ఉంచండి. గదిలోకి వెలుతురు రెండు వైపుల నుంచి వస్తే ప్రతిబింబం ఎంతో కొంత పలచబడుతుంది. రిఫ్లెక్టివ్ గ్లాస్‌కు ఇది ఒక్కటే చాలదు కానీ, నెట్‌కు తోడుగా పనికొస్తుంది.

స్కూటర్‌కు పాత సాక్సులు వెతకండి. ఆపి ఉంచినప్పుడు ఒక్కో అద్దానికి ఒక్కో సాక్సు తొడిగితే సరిపోతుంది, బయలుదేరే ముందు తీయడం మాత్రం మరువకూడదు. కారు అయితే అద్దాలు లోపలికి మడిచి పెట్టవచ్చు, అయినా పక్క కిటికీల్లో ప్రతిబింబం మిగులుతుంది కాబట్టి కవరు కప్పడం మేలు. నీడలో, పొదలకు దూరంగా నిలిపితే ఇంకా మంచిది. రెట్టను ఎండలో రోజుల తరబడి వదిలేస్తే బండి రంగు పాడవుతుంది, వెంటనే తడిపి తుడవండి.

షేడ్ నెట్‌ను దించేటప్పుడు కింది అంచును గాలికి ఎగరకుండా బరువుతోనో తాడుతోనో బిగించండి. కింద సందు ఉంటే నల్లంచి నేల మీద నుంచి నడిచి వచ్చి నెట్‌కూ అద్దానికీ మధ్యన దూరుతుంది, బయటికి దారి తెలియక అక్కడే కొట్టుకుంటుంది. రోజుకు ఒకసారైనా ఆ సందును చూసుకోండి. వానలు మొదలై, పిట్ట పాట తగ్గి, ఉదయాల్లో గట్టు మీదికి రావడం లేదని గమనించిన తరువాత నెట్‌ను ఒక పక్క నుంచి సగం విప్పి చూడండి. మళ్లీ వచ్చి పొడిస్తే ఆ సగాన్ని తిరిగి కట్టండి, రాకపోతే మిగిలిన సగాన్నీ విప్పి మడిచి దాచుకోండి. వచ్చే ఏడాది జనవరి నెలాఖరుకే, అది గట్టు మీద మొదటి అడుగు వేయక ముందే కట్టేస్తే, ఈ అద్దం అలవాటు దానికి మళ్లీ పట్టుకోకుండా ఉంటుంది.